తార్నాక చౌరస్తాలో మధ్య లైను

ఆ రోజు ఇంట్లో ముగ్గురే ఉన్నారు: జ్వరంతో పడుకున్న అమ్మ, విరిగిన ఎడమ చేతికి కట్టుతో అక్క, ఊళ్లో స్కూటీ నేర్చుకుని వారం కిందటే పట్నం వచ్చిన రజిత. లాలాపేటలో అక్కకు పరీక్ష, నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు. అందుకే రజిత బండి తీసింది. యూనివర్సిటీ రోడ్డు దాటి తార్నాక చౌరస్తా కనిపించేసరికి ఆమె బండిని ఎడమ అంచుకు జరిపింది. వెనక కూర్చున్న అక్క భుజం తట్టింది.

“ఎడమకే పోతున్నవేందే? లాలాపేటకు సీదా పోవాలె.”

“ఎడమ అంచు ఇడవద్దని బాపు చెప్పిండక్కా.”

“బాపు ఊరి రోడ్డుకు చెప్పిండు. ఈ లైన్ల ఉంటే మెట్టుగూడల తేలుతం. మధ్యలకు రా.”

“ఎనక బస్సున్నది.”

“అద్దంల చూడు. ఇండికేటర్ ఎయ్యి. బస్సును పోనియ్యి. ఆఁ, ఇగ మెల్లగ జరుగు.”

“కాళ్లు వణుకుతున్నయక్కా.”

“బండి చక్రాల మీద పోతది, నీ కాళ్ల మీద కాదు. పా!”

గేటు మూసే వేళకు చేరారు. అక్క దూకి లోపలికి ఉరికింది. రజిత వెనక్కి చూసుకుంది. సీటు ఖాళీగా ఉంది.

“అక్కా! వాపస్ పోయేటప్పుడు ఏ లైన్ల ఉండాలె?”

అక్క తిరిగి చూసి నోరు తెరిచేలోగా, వాచ్‌మన్ రజిత ముఖం మీదే గేటు మూసేశాడు.