కుట్లకి వదిలిన నీళ్ళు

వంటగదిలో దర్జీ ఒక్కడే ఉన్నాడు. స్టవ్ పక్కన ఫోను, అందులో కూతురి గొంతు. అలిగి వెళ్ళిన భార్య ఆ కూతురింట్లోనే ఉంది.

"బియ్యం కడిగావా నాన్నా?"

"కడిగాను. ఇంకా కడిగితే గింజలు అరిగిపోతాయి. నీళ్ళ సంగతి చెప్పు."

"గ్లాసుకి రెండు గ్లాసులు. అయినా నాన్నా, అమ్మతో ఒక్క మాట..."

"అమ్మ పేరెత్తావంటే పెట్టేస్తాను."

"ఎత్తను. కంచం తోసేసిందీ నువ్వే, మూతి ముడుచుకుందీ నువ్వే."

"అన్నం ముద్దయితే ముద్దయిందన్నాను. బాగున్న రోజు ఏమైనా అన్నానా? ఏమీ అనలేదంటే బాగున్నట్టే. ఇన్నేళ్ళ కాపురంలో ఆమాత్రం తెలుసుకోలేదా మీ అమ్మ?"

"బాగుందని ఒక్కసారి నోటితో అంటే వచ్చేస్తానంది."

"అనను. కట్టుకున్నదాన్ని కూర్చోబెట్టి పొగడాలా? నా తిండి నేను వండుకోలేనా? ఊరందరి కొలతలూ తీసినవాణ్ణి, గిన్నెడు నీళ్ళు కొలవలేనా?"

"సరే, ఎన్ని పోశావు?"

"రెండు గ్లాసులు. పైన ఇంకో అర."

"అర ఎందుకు?"

"కుట్లకి. బట్ట ఎప్పుడూ కాస్త ఎక్కువే వదలాలి. తక్కువైతే చేసేదేం లేదు, ఎక్కువైతే కత్తిరించుకోవచ్చు."

"నీళ్ళని ఏ కత్తెరతో కత్తిరిస్తావు నాన్నా?"

"నవ్వకు. ఎక్కువైతే వార్చేస్తాను. ఇదిగో, పొంగుతోంది."

"మంట బాగా తగ్గించి మూత పెట్టు. మాటిమాటికీ తీసి చూడకు."

"చూడను."

"ఆ చప్పుడేమిటి?"

"మూత."

"తీశావా?"

"ఉడుకుతోందో లేదో తెలియొద్దూ? ఒక్కసారి గరిటె పెట్టి కలిపి..."

"కలపకు! మెతుకు చితికిపోతుంది."

"ఆ ముక్క ముందే చెప్పాలి. నీళ్ళు ఇంకా పైనే ఉన్నాయి. ఉండు, వారుస్తాను... అబ్బా!"

"నాన్నా, చెయ్యి కాలిందా?"

"లేదు."

"మరి ఆ కుళాయి చప్పుడు?"

"ఊరికే కడుక్కుంటున్నాను."

"కాసేపు అలాగే నీళ్ళ కింద ఉంచమను."

"ఎవరది?"

"ఎవరూ లేరు నాన్నా, టీవీ."

"టీవీకి నా చెయ్యి సంగతెందుకు?"

"అదలా ఉంచు. మంట ఆర్పి, మూత పెట్టి కాసేపు వదిలెయ్యి. ఆవిరికి మగ్గాలి."

"ఆకలేస్తుంటే మగ్గడమేమిటి? వడ్డించేసుకున్నాను."

"ఎలా ఉంది?"

"అన్నంలాగే ఉంది."

"ముద్దయిందా?"

"ముద్దయిందని ఎవరన్నారు? కాస్త మెత్తబడింది. పళ్ళకి అదే మంచిది."

"అడుగంటిందా?"

"కొంచెం. అదో రుచి. నేను తినలేననేగా మీ అమ్మ ధీమా? కంచం ఖాళీ చేసేస్తున్నాను. బాగుంది. చెప్పు మీ అమ్మకి, చాలా బాగుందని చెప్పు."

"చెప్పక్కర్లేదు."

"ఏం, ఎందుకని?"

"అమ్మ విన్నది నాన్నా. నీ చెయ్యి కాలిందని తెలియగానే సంచీ సర్దుకుని బయల్దేరింది. ఇప్పుడు గుమ్మంలో ఆగిపోయింది."

"ఆగడమెందుకు? ఏమంటోంది?"

"నేనేనండీ. మీ నోటికి ఆ మాట రాదేమోలే అని ఇన్నేళ్ళూ సరిపెట్టుకున్నాను. మీ వంటకైతే వచ్చునన్నమాట. రాత్రికి కూడా మీరే వండుకోండి, నేను రావడం లేదు."