మొగిలన్న వాన పాట

టీవీ సౌండ్ జర పెంచు నవ్యా. ఆగాగు, పేర్లు పడుతానయ్. చూసినవా? ‘దర్శకత్వం: మొగిలయ్య’! మా మొగిలన్న! నీకెట్ల తెలుస్తదిలే, నువ్వు పుట్టకముందే పోయిండు. మన వరంగల్లోడే బిడ్డా, మిల్లుల పనిచేసేటాయన కొడుకు. మద్రాసు పోయి అంత పెద్ద డైరెక్టరైండు గని, ఈడికొస్తే ‘ఏం యాకయ్యా, తిన్నవా’ అని నా భుజం మీద చెయ్యేసుడే. నేనప్పుడు నీళ్ల ట్యాంకర్ నడుపుతుంటి. ఈ సినిమాకే, ములుగు అవతల ఒక ఊర్లె షూటింగ్ పెట్టిండ్రు. ఆఖరికి మిగిలింది వాన పాటొక్కటే. నడి ఎండకాలం, వాన యాడికెల్లి వస్తది? మా ట్యాంకర్లే వాన! పైకెల్లి పైపులతోని కొడితే కింద హీరో హీరోయిన్ తడుసుకుంట ఆడాలె. హీరో ఎవలంటవా? పేరొద్దులే, శాన పెద్దోడు. అంత తయారైంది, ఇగ కొట్టుడే అనంగ, ఆ ఊరామె, సమ్మమ్మ అని, ఖాళీ బిందె చంకల పెట్టుకొని సీదా కెమెరా ముంగటికొచ్చింది. ‘జరుగమ్మా జరుగు’ అని యూనిటోళ్లు మొత్తుకుంటాండ్రు. ఆమె జరుగుతదా? ‘సారూ, గీ నీళ్లు నేల మీద పోస్తరట గదా. మా బాయి ఎండింది. పిల్లలకు రెండు బిందెలు పోసి, మిగిలినయి పోసుకోన్రి’ అన్నది. ఏడువలే, కాళ్లు మొక్కలే. మామూలుగ అడిగింది.

మొగిలన్న కుర్చీలకెల్లి లేసిండు. ఆ ఖాళీ బిందె దిక్కు చూసిండు. మళ్ల నా దిక్కు తిరిగి, ‘యాకయ్యా, ట్యాంకర్లన్నీ ఊర్లెకు తోలు’ అన్నడు. అరె, నాకు సమజే గాలే! ప్రొడ్యూసర్ ఉరికొచ్చిండు, ‘పిచ్చి లేసిందా నీకు? హీరో రేపు పోతాండు!’ అని. హీరో అయితే అప్పుడే కారెక్కి డోర్ ఫట్టుమని ఏసిండు. ‘ఈ మనిషితోని మళ్ల చెయ్య’ అన్నడు. చెయ్యలే గూడ, ఆఖరిదాక. మొగిలన్నకు గది తెలువదా? తెలుసు. ‘పోనీ’ అన్నడు, అంతే. నేను హారన్ కొట్టుకుంట ఊర్లెకు పోయిన సూడు, అబ్బబ్బ, జాతరనే! బిందెలు, బకెట్లు, గంగాళాలు, ఒకామె పాల గిన్నె గూడ పట్టుకొచ్చింది. పిల్లలు పైపు కింద ఎగురుతాండ్రు, ముసలోళ్లు దోసిలి పట్టి తాగుతాండ్రు. ఎనుకకు చూస్తే మొగిలన్న కెమెరా ఆయన్ని చెయ్యి పట్టి గుంజుకొస్తాండు, ‘తియ్యి తియ్యి, గిదే పాట!’ అనుకుంట. హీరోయిన్ పోలే బిడ్డా. కొంగు నడుముకు చెక్కి సమ్మమ్మ బిందె ఎత్తింది. ఊరు ఊరంత పాటల ఉన్నది!

ఇంకోటి ఇను. అటెన్క ఆ ఊర్ల బోరేపిచ్చిండు, తన కారమ్మి. ఎవలికీ చెప్పలే. ఒకనాడు బస్సుల కనబడితే ‘కారేదన్నా?’ అని అడిగిన. ‘నీళ్లల్ల పోయిందిర’ అని ఒకటే నవ్వుడు! పెద్ద హీరోలు మళ్ల దగ్గరికి రాలే, సినిమాలు తగ్గినయ్. ఏం ఫికర్ జేయలే. చిన్న చిన్నోళ్లతోనే తీసిండు, తీసినన్ని దినాలు.

ఆయన పోయినంక హన్మకొండ టాకీసుల ఈ సినిమా మళ్ల ఏసిండ్రు, టికెట్ లేకుండ. ములుగు దిక్కుకెల్లి జీపులల్ల వచ్చిండ్రు జనం. సమ్మమ్మ ముసల్దైంది, నా పక్కకే కూసున్నది. పాట రాంగనే హాలంత లేసి నిలబడ్డది. ఈలలు, ఒకటే ఈలలు! నేను గూడ నోట్లె ఏళ్లు పెట్టి ఊదిన... మళ్ల ఊదిన... ఈల రాలే బిడ్డా.

ఏ, పొయ్యి మీద పాలున్నయ్, పో, చూడు పో.