పాతదానికి మొదటి వైరు

హలో… ఆ, నేనేరా పెంచలా, అక్కని. …లే, ఎవరికీ ఏం కాలా. అందరం బాగానే ఉండాం.

…ఆ అరుపులా? మీ బావ, మా మామ. పొద్దున్నించీ ఇదే. …పొలం గొడవ కాదురా, పొలం గొడవైతే ఎప్పుడో తెమిలిపోయేది. నువ్వు పంపించిన డిస్కు గురించి.

…వచ్చింది, వచ్చింది. కొత్త డిస్కు, పెన్‌డ్రైవు, రెండూ నిన్న మధ్యాన్నం బస్సులో చేరినాయి. …మా ఫోటో సెంటర్లో రెండు కంప్యూటర్లకి నిన్ననే అయిపోయింది. దరఖాస్తులు పెట్టేదానికి, జిరాక్సు దానికి. పెన్‌డ్రైవు పెట్టి, స్విచ్చేసి, నేను లోపలికి పొయ్యి ములక్కాడలు తరుక్కోని వచ్చేసరికి విండోసు ఎక్కి కూర్చోనుండాది. ఒక్క మాట అడగలా నన్ను.

…సంతోషమేరా. మామకే నచ్చలా. …ఎందుకంటే, యంత్రం అడగబొయ్యే ప్రశ్నలకి ముందే జవాబులు రాసి పెన్‌డ్రైవులో పెట్టినావంట నువ్వు. 'మా బడిలో దాన్ని కాపీ అనేవాళ్ళం' అంటుండాడు. …నవ్వబాక, పక్కనే ఉండాడు. ముప్పై ఏళ్ళు లెక్కల అయ్యవారు చేసిన మనిషి.

…ఇంక ఫోటోల కంప్యూటరే మిగిలుండాది. …పెన్‌డ్రైవు పెట్టే ఉంచినాం, ఇంకా మొదలుపెట్టలా. శుక్రవారం గదా, పన్నెండు దాకా రాహుకాలం. అది పొయ్యినాక మామే తన చేత్తో స్విచ్చేస్తాడంట. …పన్నెండుకి ఇంకా పది నిమిషాలుండాది.

…ఒకటి అడగాలనుకుంటుండా. కొత్త డిస్కుని ఎన్ని ముక్కలు చేస్తాది నీ పెన్‌డ్రైవు? …మూడా? రెండన్నావే. …ఒకటి విండోసుకి. ఒకటి మా ఫోటోలకి. మూడోది? …చిన్నదా. ఎవరికీ కనపడదా. …కనపడదు గానీ, అది లేకపోతే కంప్యూటరు లేవనే లెయ్యదా. …అర్థమయిందిలే. ఇంట్లో అట్టాంటిదాన్ని నేనొకదాన్ని ఉండా గదా.

…ఎందుకు తొందరంటే, వెంకటశేషమ్మక్క వచ్చి బల్ల మీద కూర్చోనుండాది. వాళ్ళాయన ఆదెయ్యన్న పొయ్యినాడు, తెలుసు గదా? …ఆ, ట్రాక్టరు ఆదెయ్యన్నే. ఎల్లుండి ఉత్తరక్రియలు. పెద్ద ఫోటో కట్టించాల. ఫోన్లో ఉండేవన్నీ పొలంలో వంగి పని చేస్తుండేవే, ఒక్కదాంట్లో మొహం కనపడదు. పోర్టు గేటు పాసుకి నేను తీసినానే, అదొక్కటే నేరుగా చూస్తుండేది.

…పాత డిస్కులోనే ఉండాది. కంప్యూటరేమో మొన్నట్నించీ లెయ్యటంలా. …పదకొండేళ్ళ ఫోటోలురా. సగం ముత్తుకూరు దాంట్లోనే ఉండాది. జుట్టు ఊడిపొయ్యినోళ్ళంతా వచ్చి 'వాణమ్మా, కొత్తది వద్దు, ఆ పాతదే ఇంకో ఎనిమిది కాపీలు తియ్యి' అనేది దాన్ని నమ్ముకోనే.

…ఇంకో చోట కాపీనా? …తీద్దామనే ఉండా. …పదకొండేళ్ళుగా. …తిట్టబాకరా. వచ్చినోళ్ళకి ఫోటో తీసిచ్చేదానికే పొద్దు చాలదు నాకు.

…గొడవా? వైర్ల గొడవ. మీ బావ నిన్న నువ్వు చెప్పినట్టే కొత్త డిస్కుని మొదటి వైరుకి, పాతదాన్ని రెండో వైరుకి తగిలించినాడు. పొద్దున మామ పెట్టె తెరిచి చూసినాడు. 'పదకొండేళ్ళు పనిచేసినదాన్ని వెనక్కి నెట్టి, నిన్న బస్సు దిగినదాన్ని ముందర కూర్చోబెడతారా? పెద్దోళ్ళకి ఈ ఇంట్లో ఇచ్చే మర్యాద ఇదేనా?' అని. …నవ్వే సంగతి కాదురా. ఇడ్లీలు కూడా తినలా.

…మీ బావేమంటాడు? నువ్వు చెప్తే నీకు సరే అన్నాడు, వాళ్ళ నాయన చెప్తే వాళ్ళ నాయనకి సరే అన్నాడు. …మార్చేసినాడు. ఇప్పుడు పాతదే మొదటి వైరుకుండాది. మార్చినాక మళ్ళీ భయం, బామ్మర్ది ఏమంటాడో అని. అవే ఆ అరుపులు. …నన్నా? నన్నెవరడిగినారు?

…ఏంది? …గట్టిగా అరవబాక, చెవి పోతుండాది. …ఏమని రాసినావు జవాబు? …'సున్నా నంబరు డిస్కుని మొత్తం తుడిచి ముక్కలు చెయ్యి' అనా. …సున్నా అంటే ఏదిరా? …మొదటి వైరుకుండేదా? మొదటిది ఒకటి గదా, సున్నా ఎట్టవుతుంది? …అది సున్నా నుంచి లెక్కపెడతాదా!

…అంటే పాతదాన్ని… …తుడిచేదా వద్దా అని ఒక్క మాట అడగదా? …ఔనులే. అడక్కుండా చేసేదానికే గదా నువ్వు రాసింది.

ఉండు, ఉండు— ఏమండీ! ఆ స్విచ్చి ముట్టుకోబాకండి! …మామా, పన్నెండు కాలా ఇంకా! …గోడ గడియారం చూడబాకండి మామా, అది ముందుకు పోతుండాదని మీరే గదా అనేది! …మామా, చెయ్యి తియ్యండి! మామా—

…

…ఉండానురా. ఉండా. ప్లగ్గు పీకేసినా. …నొక్కినాడు. లైటు వెలిగింది. …ఎంతసేపా? లైటు వెలిగింది, ఫ్యాను గిర్రుమంది, నేను పీకేసినా. అంతే. …తెర మీద ఏం రాలా. నల్లగానే ఉండాది. …మొదలే కాలేదంటావా? …నా మీద ఒట్టు పెట్టు.

…పాతదాన్ని ఊడదీసి జిరాక్సు కంప్యూటరుకి తగిలించి చూసేదా? …దాన్ని ఆపినాకే తగిలిస్తాలే. …ఇదే వైరా, వెడల్పుగా ఉండేది? …ఇంకోటి సన్నది. …మీ బావని పిలవమంటావా? వద్దులే. ఇంకోసారి ఎవరికి సరే అంటాడో.

అక్కా, ఏం లేదు, నువ్వు కూర్చో. టీ తాగు, చల్లారిపోతుండాది. …వస్తాది ఫోటో.

…తగిలించినా. …లేస్తుండాది. …చుక్కలు గుండ్రంగా తిరుగుతుండాయి. …ఇంకా తిరుగుతుండాయి. …మామా? నా భుజం మీద నుంచి చూస్తుండాడు. …'సున్నా నుంచి లెక్కపెట్టమని దానికి ఏ అయ్యవారు నేర్పినాడు' అని అడుగుతుండాడు, నువ్వే చెప్పు. …లే, ఫోన్ ఇయ్యను, మీ ఇద్దరూ మొదలుపెడితే ఆగరు.

మామా, మీరు రాహుకాలమని ఇంతసేపు ఆపబట్టి సరిపొయ్యింది. లేకపోతే పదకొండు గంటలకే ఊడ్చిపెట్టుకోని పొయ్యేది. …చెప్పాల గదరా ఆ మాట. మొహం ఎంత చిన్నబొయ్యిందో నువ్వు చూడలా.

…వచ్చింది! ఒరే, వచ్చిందిరా! …సంవత్సరాలన్నీ ఉండాయి. …ఉండు, తెరుస్తుండా. గేటు పాసులు… ఆ… ఆది…

…ఉండాడు.

…నేరుగా చూస్తుండాడురా. చొక్కా గుండీ మెడ దాకా పెట్టుకోని. …అది మీ బావ చొక్కా. పొలం నుంచి బనీనుతోనే వచ్చినాడు ఆ రోజు, నేనే తెచ్చి ఇచ్చినా ఏసుకోమని.

అక్కా, ఇట్ట రా. చూడు. …ఏడవబాకక్కా. …ఏంది? …ఒరే, ఆ చొక్కా తిరిగిచ్చినాడా అని అడుగుతుండాది. …ఇయ్యలేదులే అక్కా. ఇయ్యకపోతే ఏం. ఆయనకే బాగుండాది. …అదిగో, నవ్వింది.

…చెప్పురా, వింటుండా. …ముందు ఫోటోలన్నీ ఇంకో చోటికి కాపీ. …రేపు ఆ కంప్యూటరులో కొత్తదాన్ని ఒక్కదాన్నే పెట్టేది. …ఒక్కటే ఉంటే అదే సున్నా. తుడిచినా దాంట్లో ఏమీ ఉండదు. …అంతా అయినాక పాతదాన్ని తగిలించుకునేది. సరే. …కాపీకి ఎంతసేపు పడతాది? …సాయంత్రం దాకానా!

…నువ్వు రానక్కర్లేదు. నేనే పెడతా. …తెలుసురా, పక్కన మనిషి లేకపోయినా దానంతట అదే అవుతుంది. నీ పెన్‌డ్రైవు మంచిదే. దానికి మా ఇల్లు తెలియదు, అంతే.

…కట్ చెయ్యబాక. ఫోన్ ఈ బల్ల మీద పెడుతుండా. నువ్వూ విను. మళ్ళీ ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేదు నాకు.

ఏమండీ. మామా. ఒకసారి ఇట్ట చూడండి. …గొడవేం లేదు. కోపం కూడా లేదు.

ఇప్పుడు వెంకటశేషమ్మక్కకి ఆదెయ్యన్న ఫోటో పెద్దది తీసిస్తా. అదయినాక కాపీ పెడతా. రేపు కొత్తదాన్ని నేను తగిలిస్తా, స్విచ్చి నేనేస్తా. …పాతది నా బీరువాలో పెడతా మామా, పట్టుచీరల పక్కన. దాని మర్యాదకి ఏం తక్కువ కాదు. …లేదండీ, మిమ్మల్ని అడగటంలా. చెప్తుండా. ఈ గదిలో ఏ వైరు యాడ తగిలించాలన్నా, ఇకమీదట నన్ను అడిగి తగిలించండి.

సాయంత్రం దాకా నేను ఈడ్నించి లెయ్యను. అన్నం, పులుసు పొయ్యి పక్కన ఉండాయి, మీరిద్దరూ పెట్టుకోని తినండి.

…ఆ, నాకూ ఒక పళ్ళెం. ఇక్కడికే తెచ్చి పెట్టండి. అక్కకి కూడా.