నూనె మరక లేని చొక్కా

"మామ్మా, మొగుణ్ని వదిలీసి వచ్చినాక ఈ ఊర్లో నీకు గది ఎవరిచ్చినారు? నాకైతే ఎవరూ ఇవ్వట్లేదు."

అలా అడిగితే ఏటి సెప్పను తల్లీ. కూకో ముందు. పసిదాన్ని మంచం మీద పడుకోబెట్టు, ఫ్యాను కింద. ఊఁ. పొద్దున్నించి ఎన్ని గుమ్మాలెక్కినావో నీ మొహమే సెప్తంది. విద్యాసాగర్ పార్కు ఫ్యాక్టరీలో ప్యాకింగు పని, నెల నెలా జీతం వస్తాది అంటే అడ్వాన్సు దాకా బానే మాటాడతారు. ఆ తరవాత "మీ ఆయన ఎప్పుడొస్తాడు" అంటారు. అక్కడితో మాట ఆగిపోతాది. నాకు తెల్దేటి.

నేను పుట్టి పెరిగిన ఈ బెంగాలీ రైల్వే ఊరికి తిరిగొచ్చినప్పుడు మా గుంట ఇంకా సంకలోనే ఉన్నాది. అత్తోరి ఊరు పలాస అవతల. ఆయన తాగుబోతేటీ కాదు, అబద్ధం ఆడకూడదు, సెయ్యి కూడా ఎత్తలేదు. ఇంకొకామెని తెచ్చి ఇంట్లో పెట్టినాడు. "నిన్ను పొమ్మన్లేదు కదా, నువ్వూ ఉండు" అన్నాడు. పొమ్మనుంటే ఏడ్సి, కాళ్ళట్టుకునీదాన్నేమో, సెప్పలేను. ఉండమన్నాడు సూడు, దాంతో నాకు ఒళ్ళు మండిపోనాది. పిల్లనెత్తుకుని బండెక్కీసినాను.

మా అన్న ఇక్కడే రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మా అయ్య కూడా అందులోనే సేసి రిటైరైనాడు. మా తాతా అక్కడే... కాదులే, తాత గ్యాంగులో, పట్టాల మీద. సరే, అన్నది రెండు గదుల క్వార్టరు. మా వదిన మంచిదమ్మా, ఆమెని అనకూడదు. లోపలి గది నాకు వదిలీసి, ఆమె పిల్లల్నేసుకుని వరండాలో పడుకునీది, దోమలు కుడతన్నా సరే. ఒక్క మాటనలేదు. అనకపోడమే నాకు బరువైపోనాది. ఎన్నాళ్ళని అలా?

ఆఫీసర్ల బంగ్లాల్లో వంటకి కుదిరినాను. అది కాక మినప్పప్పు రుబ్బి, ఇడ్లీ పిండి మన తెలుగోళ్ళ క్వార్టర్లకి పోసీదాన్ని. మిక్సీలెక్కడివి, రుబ్బురోలే. మినప్పప్పు అప్పట్లో ఎంతుండీదో మరిసిపోనాను గానీ, కొనీటప్పుడు డబ్బులు రెండుసార్లు లెక్కెట్టుకునీదాన్ని, అది మాత్రం గుర్తుంది. గది అద్దె వంద లోపే. నవ్వకే, నా సంపాదనలో సగం అదే పోతాది మరి. మిగతా సగంలో బియ్యం, కిరసనాయిలు, పిల్లకి పాలు. కూర కొన్న రోజులు తక్కువ. బంగ్లాల్లో మిగిలింది గిన్నెలో పెట్టి ఇస్తే తెచ్చుకునీదాన్ని. సిగ్గేటి అందులో? ఒళ్ళొంచి పని సేసుకుని తిన్నాను. సరే, డబ్బంటే ఎలాగో తెస్తాను. మొగుణ్ని ఎక్కణ్ణించి తెస్తాను, సెప్పు?

పూరీ గేట్ దగ్గర అడిగినాను. గదికి తాళం వేలాడతన్నాది, నా కళ్ళ ముందే, "ఖాలీ నహీ" అన్నాడాయన. మనోళ్ళింటికి ఎల్తే, మీ అన్నని పంపించు మాటాడతాం అన్నారు. నేను మనిషిని కానట్టు. ఇంకొకడున్నాడు, అద్దె మాట తరవాత సూద్దాం, సాయంత్రం నేనే వచ్చి మాటాడతాను అన్నాడు పళ్ళికిలించి. వాడి మొహమ్మీద ఉమ్మకుండా వచ్చీసినాను, దానికి ఇప్పటికీ బాధే నాకు.

ఆఖరికి దొరికినాది ఈ ఇల్లే, ఈ ఖరిదా పేటలో. అప్పుడు రేకుల కప్పు. ఇంటామె బెంగాలీ ముసలామె, మొగుడు పోయినాడు. అందరూ మాసీమా అనీవోరు, అంటే పిన్నీ అని. ఆమే అడిగినాది, మీ ఆయనెక్కడ అని. అప్పటికి తిరిగి తిరిగి నా కాళ్ళు పీకుతున్నాయి, పిల్ల ఏడుస్తంది. నోట్లోంచి వచ్చీసినాది అబద్ధం. ఫిట్టరు, వేరే ఊరి షెడ్డుకి ఏసినారు, శనివారం రాత్రి బండికొచ్చి ఆదివారం రాత్రి పోతాడు, మురికి బట్టలు తెచ్చి నాకు పడేస్తాడు అన్నాను. తప్పని నేననుకోలేదు, ఇప్పుడూ అనుకోను. గది ఇచ్చినాది.

అబద్ధం ఆడితే సరా, నిలబెట్టొద్దూ? మా వదిన్ని అడిగినాను, అన్నది పాత వర్క్‌షాపు సొక్కా ఏదైనా ఉంటే ఇయ్యి, ఇల్లు తుడుసుకోడానికి అని. ఆమె సోడాలో ఉడకబెట్టి, ఉతికి, మడతేసి మరీ ఇచ్చినాది. నీలం సొక్కా. ఇంక ఆదివారం ఆదివారం పెరట్లో కుళాయి దగ్గర కూకుని, అందరూ సూసీలాగ దాన్ని బండకేసి కొట్టి, తీగ మీద ఆరేసీదాన్ని. దాని పక్కన మా పిల్ల గౌన్లు, నా సీరా. సూసినోళ్ళకి సంసారం కనబడతాది కదా.

నువ్వు నవ్వుతావు గానీ, ఆ సొక్కా ఆరినంతసేపూ నాకు ధైర్యంగా ఉండీదే. దానిమీద అంత కోపమూ వచ్చీది.

అలా కొన్నాళ్ళు గడిసినాయి. ఇక్కడోళ్ళు ఊరుకుంటారేటి? పక్కింటాయన, ఆయన భార్య, ఇంకా ఎవరో, అందరూ కలిసి ఓ పొద్దున్న మాసీమా దగ్గరకొచ్చినారు. ఆ తెలుగుదాని మొగుణ్ని ఎవరమూ సూడలేదు, ఇలాటిదాన్ని పెట్టుకుంటే వీధికే సెడ్డపేరు, ఖాళీ సేయించు అని. నేను లోపల పొయ్యి దగ్గరున్నాను. అన్నీ వినబడతన్నాయి. పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూకుండిపోనాను. మళ్ళీ మా అన్న క్వార్టరుకే ఎల్లాలి, మా వదిన మళ్ళీ వరండాలో పడుకుని ఏటీ అనదు, అదే తలుసుకుంటన్నాను. పొయ్యి మీద అన్నం మాడిపోతన్నా లేవలేదు.

మాసీమా కత్తిపీట మీద సేపలు కోస్తంది. తలెత్తలేదట, పని ఆపలేదట. "మొన్న ఆదివారం వచ్చినాడు. నా సేతి సేపల పులుసు తిని ఎల్నాడు. మీకు కబురు పెట్టి రావాలా అతను?" అన్నాది. ఆమె బెంగాలీలో అన్నాది, నేను మన మాటలో సెప్తన్నాను. ఇంకేటంటారు వాళ్ళు? పెద్దామె మాట. ఎల్లిపోనారు.

నాకేటీ అర్థం కాలేదు. ఎవడొచ్చినాడు, ఏ పులుసు తిన్నాడు? బయటకొచ్చి నిలబడినాను. మాసీమా సేతులు కడుక్కుని, కుళాయి దగ్గరకి రమ్మన్నాది. కాలవ సూపించినాది.

"మా ఆయన బతికున్నన్నాళ్ళూ ఇక్కడే ఆయన సొక్కాలు ఉతికినాను. ఈ కాలవలో నీళ్ళు నల్లగా పోవాల. నువ్వు ఉతికితే తెల్లగా పోతన్నాయి. మొదటి ఆదివారమే సూసినాను."

సూడు, నేను ఫిట్టరింట్లో పుట్టినదాన్ని. బట్టకి నూనె వదిలించడం సిన్నప్పటినించీ సేసినదే. మా అమ్మ, నేను, మా వదిన, అందరం ఆ మరక పోగొట్టడానికే సేతులు అరగదీసుకున్నోళ్ళం. కావాలని మరక పెట్టాలని నాకెలా తోస్తాది? ఏ బెల్లం కొట్టు సేటో నా సొక్కా సూసి నమ్మీవోడు గానీ, వర్క్‌షాపు మనిషి పెళ్ళాం నమ్ముతాదేటి.

ఖాళీ సెయ్యమంటారా మాసీమా అన్నాను. ఆమె లోపలికెల్లి, మొగుడి పెట్టెలోంచి ఓ డబ్బా తెచ్చినాది. అడుగున గడ్డకట్టిన నల్ల గ్రీజు.

"ఇది పుయ్యి ముందు. అప్పుడు ఉతుకు. శుభ్రంగా ఉన్న సొక్కాని ఎవరు నమ్ముతారు?" అన్నాది.

ఇంక నాకు ఏడుపు ఆగలేదు. అత్తోరింట్లో ఏడవలేదు, బండిలో ఏడవలేదు. ఆ డబ్బా పట్టుకుని ఏడ్సినాను. నా కోసం ఒక మనిషి, నా భాష కాదు, నా కులం కాదు, నలుగురి ముందూ అబద్ధం ఆడినాది. ఆమెకి నేనేటిస్తాను? ఇడ్లీలు పెట్టినాను, బతికున్నన్నాళ్ళూ. చట్నీలో కారం ఎక్కువని తిట్టుకుంటూనే తినీది.

ఆ సొక్కా సిరిగిపోయీదాకా ఉతికినాను. మా పిల్ల బడికెల్తన్న రోజుల్లో ఓనాడు మాసీమాయే అన్నాది, ఇంక మానీ, ఈ వీధిలో నీ పిండి తిననోళ్ళు లేరు, ఎవరడుగుతారు నిన్ను అని. నిజమే, ఎవరూ అడగలేదు. అడగలేదు గానీ నాకు కోపం పోలేదే. పొద్దున్నే లేచి, పిండి రుబ్బి, అద్దె ఒక్క నెల ఆపకుండా కట్టినాను. అదంతా సాల్లేదు. ఓ గుడ్డ ముక్క సాక్ష్యం కావాల్సొచ్చినాది.

ఏటి అడిగినావు నువ్వు... ఆఁ, గది. ఈ ఎనక గది ఖాళీగా ఉన్నాది కదా. పెద్దదేం కాదు, గాలి మాత్రం బాగా ఆడతాది. పొద్దున్న నువ్వు ఊరంతా తిరుగుతుండగా నేను పైకెల్లినాను, మాసీమా కొడుకు దగ్గరకి. ఇప్పుడు ఇల్లు అతనిదే. అతనూ అదే అడిగినాడు, ఆ అమ్మాయి మొగుడేడీ అని. తల్లి పోలికే గానీ, తల్లి అంత తెగువ లేదు మనిషికి.

నేనన్నాను, "బాబూ, మొగుడు లేడు. రాడు. ఆ పిల్లా, దాని కూతురూ, అంతే. అద్దె ఆ పిల్లే ఇస్తాది. ఎవరైనా అడగడానికొస్తే నువ్వేటీ సెప్పక్కర్లేదు, కిందకి నా దగ్గరకి పంపించు."

సెప్పి నేను అక్కణ్ణించి కదల్లేదు. మోకాళ్ళు లాగుతున్నా నిలబడే ఉన్నాను. ఆఖరికి అతను ఠీక్ హై మాసీ, అద్దె అందరికీ ఎంతో ఆమెకీ అంతే అన్నాడు.

ఏడవకే. పసిది లేస్తాది. రేపు నీ సామాన్లు తెచ్చుకో. వీధిలో ఎవరైనా ఎవరి తాలూకు అంటే నీ పేరే సెప్పు, గట్టిగా. నాకు ఆ భాగ్యం లేకపోయినాది. నువ్వు ఎవరి అబద్ధమూ అక్కర్లేకుండా సల్లగా బతుకు తల్లీ.