గురుడి పక్కన నాలుగు సుక్కలు

ఏటే అమ్మీ, ఆ ఫొటోలో కోటేసుకున్నాయనెవరనా? యేసురత్నం మాస్టారు. ఈ కలకత్తాలో మన గార్డెన్ రీచ్ తెలుగు బడిలో లెక్కలూ సైన్సూ సెప్పీవోడు. లాల్ జెండా కమ్యూనిస్టోళ్ల సర్కారు కొత్తగా వచ్చిన రోజులు. సాయంత్రమైతే సాలు, కరెంటు పోయీది. అందరం తిట్టుకునీవోళ్లం, ఆయనొక్కడికే పండగ. వాట్‌గంజ్‌లో పాత ఓడల సామాన్లమ్మీ కొట్లో ఇత్తడి దుర్భిణి కొన్నాడు. దీపాలు ఆరీసరికి మేడెక్కీసి, పిట్టగోడ మీద గోనెసంచి మడతేసి, దాని మీద దుర్భిణి ఆనించి, "రండర్రా, గురుడు వచ్చీసేడు!" అని కేకేసీవోడు.

నేనూ సూసేనే. గురుగ్రహం, దాని పక్కన వరసగా నాలుగు సన్న సుక్కలు. సుక్కలు కావంట, దాని చందమామలంట. "ఆదామూ, ఇటలీలో గెలీలియో కూడా మొదట మామూలు చుక్కలే అనుకున్నాడు. మర్నాడు చూస్తే జాగా మారిపోయేయి. రోజూ చూసి చూసి, ఇవి గురుడి చుట్టూ తిరుగుతున్నాయని పట్టీసేడు" అని నాతో అనీవోడు. మన చర్చి పాస్టరుగారు, పాపం మంచోడే, గొంతు సవరించుకుని, "మాస్టారూ, ఆదికాండంలో చంద్రుడొక్కడే కదండీ?" అన్నాడు. "ముందు చూడండయ్యగారూ" అని ఈయన దుర్భిణి సేతిలో పెట్టీసేడు. ఆ పాస్టరుగారు తరవాత ఖరగ్‌పూర్ ఎల్లిపోయేడులే... ఏటి సెప్తున్నాను? ఆఁ, లిల్లి.

లిల్లి మాస్టారి భార్య. ఆవిడొక్కర్తే ఎప్పుడూ సూడనేదు. రమ్మంటే, "పొయ్యి మీద అన్నం ఉందండి, రేపు సూస్తాను" అనీది. అప్పటికే గడప తన్నుకునీది, గ్లాసులు తోసీసీది. "చూసుకు నడవవేటే?" అని మాస్టారు ఇసుక్కునీవోడు. ఆసుపత్రికి తీసుకెల్లీసరికి డాక్టరు, "నీటికాసులు. అంచుల నుంచి చూపు తినీసుకుంటూ వచ్చింది. ఇన్నాళ్లూ ఇంట్లో ఎవరూ గమనించలేదా?" అన్నాడంట. పోయిన సూపు మరి రాదన్నాడంట. ఆ మాట మాస్టారు ట్రాం స్టాపు కాడ నాకు సెప్పేడు. "ఎక్కడో ఉన్న చుక్క ఇంత జరిగితే పట్టీసేనురా ఆదామూ. ఇంట్లో మనిషి గోడలు తడుముకుంటుంటే..."

కళ్లు పూర్తిగా సీకటైపోయేక ఒకనాడు లిల్లే మేడకి తీసుకెల్లమన్నాది. సెయ్యి పట్టుకుని ఎక్కించేడు. దుర్భిణికి కన్ను ఆనించినాది. కన్ను తియ్యకుండానే, "ఆ గెలీలియోకీ ఆఖర్న కళ్లు పోయేయన్నారు కదండీ?" అన్నాది. "పోయేయి." "ఆయనకి సూసేక పోయేయి" అన్నాది. కోపంగా కాదే, మామూలుగానే.

మరాయన మేడెక్కనేదు. బళ్లో గెలీలియో పాఠం కూడా దాటేసీవోడు. లిల్లి మాత్రం ఫ్యాను ఆగితే సాలు, "ఏటండీ, ఇవాళెన్ని కనబడుతున్నాయి?" అని అడిగీది. "మబ్బేసింది లిల్లీ" అనీవోడు. ఎండాకాలం, ఆకాశం నిండా సుక్కలున్నా మబ్బే. ఏళ్లు అదే మాట. "అలాగా" అనీది ఆవిడ.

ఆఖరికి జ్వరంతో మంచాన పడ్డాది. నేనక్కడే ఉన్నాను. కరెంటు పోనాది. "మబ్బేనా?" అన్నాది. "మబ్బే" అన్నాడు, దిండు సర్దుతూ. "ఎప్పుడూ మబ్బు లేదండీ. పక్కమేడ మీద పిల్లలు రోజూ సుక్కలు లెక్కెడతారు. నాకినబడుతుంది." ఆయన సెయ్యి దిండు మీదే ఉండిపోనాది. తెల్లారీసరికి ఆవిడ...

ఆ కిటికీ ముయ్యే అమ్మీ. ఈదిలో దర్జీల కుట్టుమిషన్ల సప్పుడు బుర్ర తినీస్తంది.