రేవు ఎండిన పూట

టర్కీలోని సీదే ఊరి రేవు పక్కన, శిథిలమైన అపోలో గుడికి ఎదురుగా ఉన్న హోటల్ మేడ మీద అక్కాతమ్ముళ్లు పెళ్లివిందుకు బల్లలు సర్దుతున్నారు. నేల ఒక్కసారి ఊగి ఆగింది.

“గ్లాసొక్కటీ పగల్లేదక్కా. చిన్న కుదుపేలే.”

“గ్లాసుల సంగతి తగలెయ్. రేవులో నీళ్లేవిరా?”

“అరె, పడవలన్నీ బురదలో కూలబడ్డాయే! ఎప్పుడో మునిగిన పాత గోడ కూడా బయటపడింది. ఇస్తాంబుల్ చుట్టాలంతా ఫోటోలకని రేవులోకి దిగిపోతున్నారు.”

“నా కూతురేదీ?”

“అందరికన్నా ముందుంది, పెళ్లిగౌను ఎత్తిపట్టుకుని.”

“యా అల్లా! వెనక్కిపోయిన సముద్రం ఊరికే ఉండదురా, మళ్లీ వచ్చి మీద పడుతుంది. పైకి రమ్మను!”

“నీళ్లొస్తాయంటే నవ్వుతారక్కా. ఆ కేరింతలు వినపడట్లా?”

“అయితే ఆ పాటల మైకు ఇలా ఇయ్యి... అమ్మా నెర్మిన్! ఊరి ఎత్తు మీద పాత నాటకశాలలో నీ పెళ్లికొడుకు కుప్పకూలిపోయాడే! అందరూ పరిగెత్తండి!”

“శుభమా అని పెళ్లి జరుగుతుంటే అవేం మాటలక్కా! అతను అక్కడ నిక్షేపంగా ఉన్నాడుగా!”

“కదిలారా లేదా, అది చెప్పు.”

“కదిలారు. పిల్ల ఏడుస్తూ పరిగెడుతోంది, వెనకే అందరూ.”

“ఏడవనీ. పైకెక్కాక నన్ను ఎంతైనా తిట్టనీ.”

“అక్కా... సముద్రం అంచున ఆ తెల్లగీత ఏంటి?”

“చూడకు. నువ్వూ పరిగెత్తు.”