గేటు ముందు కిచకిచమన్న పెట్టె

నా వయసు యాభై రెండు. గుడ్లు పొదిగించి కోడిపిల్లల్ని అమ్మే కేంద్రం నడుపుతున్నాను. ఊరి చివర ఉన్న పరిశోధనశాలకు గుడ్లు వేసేది కూడా నేనే. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ నేర్పలేదు, నా అంతట నేనే చెబుతున్నాను. నా మాటలు రాసుకుంటున్న మీ స్టేషన్ రైటరు గారి చెయ్యి నొప్పి పుడితే చెప్పమనండి, ఆగుతాను.

పరిశోధనశాల వారికి టీకాల పని కోసం పది రోజులు పొదిగిన గుడ్లు కావాలి. పిల్ల బయటికి రావాలంటే ఇరవై ఒక్క రోజులు పడుతుంది. కలిసిపోకుండా వాళ్ల ట్రేలకు ఎర్ర రిబ్బను, పిల్లల ట్రేలకు నీలం రిబ్బను కడతాను. ఈ రోజు పొద్దున మనవరాలు ఫోన్లో ఎక్కాలు అప్పజెబుతుంటే వింటూ కట్టాను. ఏడో ఎక్కం దగ్గర అది తడబడింది, రిబ్బన్ల దగ్గర నేను తడబడ్డాను.

తొమ్మిది గంటలకు పరిశోధనశాల గేటు ముందు వీధివాళ్లు నా వ్యాను ఆపారు. అందరికంటే ముందు నిలబడ్డది సెలూన్ నడిపే ఆయన. ఆయన నాకు వియ్యంకుడు, ఆ మనవరాలికి తాతయ్య.

"చెల్లెమ్మా, ఆ పెట్టెల్లో ఏముందో చెప్పి కదులు. లోపల మళ్లీ ఏదో రోగం తయారుచేస్తున్నారంట" అన్నారు.

"గుడ్లు, అన్నయ్య గారూ. మీరు పొద్దున ఆమ్లెట్ వేసుకున్నారే, అలాంటివే."

"గుడ్లకైతే గేటు మీద ఆ ప్రమాదం గుర్తెందుకు?"

ఆ గుర్తు వంక నేనూ తిరిగి చూశాను. ఆయన నన్ను తిట్టలేదు, రాయి ఎత్తలేదు. "పోయినసారి జబ్బొచ్చినప్పుడు మీ వదినను చివరిచూపు కూడా చూడనివ్వలేదు. అప్పుడూ ఎవరూ మనకేం చెప్పలేదు" అన్నారు. ఆ మాట వదలకుండా రాయండి. రాయి ఎత్తలేదన్నది కూడా ఇంకోసారి రాయండి.

అంతలో పెట్టె కిచకిచమంది. జనమంతా ఒక్క ఉదుటున వెనక్కి పోయారు. పెళ్లినాటి నుంచీ నా ఎదుట కూర్చోవడానికే మొహమాటపడే మా వియ్యంకుడు నన్ను చెయ్యి పట్టి లాగి తన వెనక నిలబెట్టారు. "నువ్వు రాకు, నేను చూస్తా" అని తువ్వాలు ముక్కుకు కట్టుకుని మూత తీశారు. లోపల తడి ఆరని కోడిపిల్ల ఒకటి ఆయన్ని చూసి అరిచింది.

గేటు తీసి బయటికొచ్చిన పరిశోధనశాల డాక్టరమ్మ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. "నవ్వడం కాదమ్మా, లోపల ఏం చేస్తారో మాకు చూపించండి" అన్నారాయన. ఆమె నవ్వు ఆపేసింది. "ఆదివారం రండి. చూపించగలిగింది చూపిస్తాం. చూపించలేనిది ఎందుకు చూపించలేమో చెబుతాం" అంది. అప్పటికే కాపలా ఆఫీసరు మీకు ఫోన్ చేసేశాడు.

ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు, కేసు పెట్టకండి. ఆదివారం ఆయన పరిశోధనశాల లోపల ఉండాలి, మీ లాకప్పులో కాదు. మీరు ఆపి ఉంచిన నా వ్యాను కూడా త్వరగా ఇప్పించండి, మిగతావి పెంకులు పగలగొట్టుకుంటున్నాయి.

చదివి వినిపించారు, విన్నాను, అన్నీ నేనన్న మాటలే, అన్నీ నిజాలే. కళ్లజోడు వ్యానులో ఉండిపోయింది కాబట్టి వేలిముద్ర వేస్తున్నాను. పక్కన ఉన్న మూడు వేళ్ల గుర్తు నాది కాదు. మీ టేబుల్ లైటు కింద వెచ్చగా పెట్టిన కోడిపిల్ల ఇంకు ప్యాడు తొక్కి ఇటు వచ్చింది. ఆ గుర్తును కొట్టివేయకండి. ఆయన రాయి ఎత్తలేదనడానికి అది రెండో సాక్షి.